తల తెగిన సైన్ వేవ్

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ ఇంజనీరింగ్ కళాశాలల ఈసీఈ శాఖాధిపతులకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆచార్యులకు,

నేను హైదరాబాదు బాలానగర్‌లో, ఒక ఫ్యాబ్రికేషన్ షెడ్డుకు ఆనుకుని ఉన్న గదిలో గిటారు ఎఫెక్ట్స్ పెడళ్లు తయారుచేసి అమ్ముతాను. కచేరీలో గిటారు వాయించే మనిషి కాళ్ల దగ్గర వరసగా పేర్చి ఉండే అరచేతంత లోహపు డబ్బాలను మీరు చూసే ఉంటారు. గిటారు నుంచి వచ్చే వైరు ఒకపక్క, ఆంప్లిఫయర్‌కు పోయే వైరు రెండోపక్క గుచ్చుతారు. కాలితో స్విచ్ తొక్కితే తీగ గొంతు మారిపోతుంది. గరగరలాడుతుంది, ప్రతిధ్వనిస్తుంది, నీళ్లలో ఊగినట్టు ఊగుతుంది. తొమ్మిది వోల్టుల మీద నడిచే వస్తువు. సర్క్యూట్ గీయడం దగ్గర్నుంచి డబ్బాకు చిల్లులు వేయడం, రంగు వేయించడం, కొన్నవాళ్లు ఫోన్ చేస్తే ఎత్తి మాట్లాడడం వరకు అంతా ఆ గదిలోనే జరుగుతుంది. నాతో ఇద్దరు పనిచేస్తున్నారు. ఒక అబ్బాయిది గుంటూరు జిల్లా, అమ్మాయిది నల్గొండ. ఇద్దరూ ఈసీఈ పాసైనవాళ్లే.

ఈ ఉత్తరానికి కారణం వాళ్లే. పనిలో చేరిన రోజు ఇద్దరికీ ట్రాన్సిస్టర్ హైబ్రిడ్-పై మోడల్ గీయడం వచ్చు. ఇద్దరికీ సోల్డరింగ్ రాదు. తప్పు వాళ్లది కాదు. నేను చదివిన కాలేజీలోనూ నాలుగేళ్లలో ఒక్క జాయింటు పెట్టింది లేదు. మా నలుగురి ఫైనలియర్ ప్రాజెక్టు అమీర్‌పేటలో ఒక సెంటర్‌లో డబ్బు కట్టి కొన్నదే. బైండు చేసిన రిపోర్టు, పనిచేసే బోర్డు, ఎక్స్‌టర్నల్ అడగబోయే ప్రశ్నలకు జవాబులు అన్నీ ఒకే కవర్లో పెట్టి ఇచ్చారు. ఆ బోర్డు మీద ఏ పార్టు ఏం చేస్తుందో నాకు అప్పుడూ తెలియదు, ఇప్పుడూ తెలియదు. మార్కులు మాత్రం బాగానే వచ్చాయి. ఇన్నేళ్లయినా ఆ సిగ్గు నన్ను వదల్లేదు.

మీతో నా మనవి ఒక్కటే. ఏడో సెమిస్టర్‌లో మీ విద్యార్థుల చేత ఒక చిన్న వస్తువు చేయించండి. ఒక్కటి చేసి ఆపకుండా పది చేయించండి. ఆ పదింటినీ నిజంగా వాడుకునే పదిమంది చేతుల్లో పెట్టించండి. ఎనిమిదో సెమిస్టర్‌లో పాడై తిరిగొచ్చినవాటిని అదే పిల్లల చేత బాగుచేయించి, మార్కులు ఆ రిపేరుకు వేయండి. ఆ వస్తువు గిటారు పెడలే కానక్కర్లేదు. అయినా పెడల్ దానికి ఎంత తగినదో నా పనిలోంచే చెప్పాలని ఉంది, ఎందుకంటే నాకు బాగా తెలిసినది అదొక్కటే.

రెండో ఏడాది ల్యాబులో కామన్ ఎమిటర్ ఆంప్లిఫయర్ ప్రయోగం ఉంటుంది కదా. ఫంక్షన్ జనరేటర్ నుంచి 20 మిల్లీవోల్టుల సైన్ వేవ్ ఇస్తాం. కుతూహలం కొద్దీ ఎవరో నాబ్ ఇంకాస్త తిప్పుతారు. సీఆర్‌ఓ తెర మీద తరంగం తల, పాదం చదునుగా తెగిపోతాయి. వెంటనే వెనకనుంచి ల్యాబ్ అసిస్టెంట్ గారు "ఇన్‌పుట్ తగ్గించు, డిస్టార్షన్ వస్తోంది" అంటారు. తగ్గిస్తాం. సెమీలాగ్ షీటు మీద 3 డీబీ బిందువులు గుర్తుపెట్టి, రికార్డు రాసి సంతకం పెట్టించుకుంటాం. ఆ తల తెగిన తరంగం చెవికి ఎలా ఉంటుందో మాలో ఒక్కరం కూడా వినలేదు, ఎందుకంటే ల్యాబులో స్పీకరు లేదు.

నేనీరోజు అమ్ముతున్నది ఆ తల తెగిన తరంగాన్నే. ప్రపంచమంతా గిటారు వాయించేవాళ్లు దాన్ని ఫజ్ అని, ఓవర్‌డ్రైవ్ అని, డిస్టార్షన్ అని పేర్లు పెట్టి, తెగిన అంచు ఎంత నున్నగా ఉందో ఎంత గరుకుగా ఉందో బేరీజు వేసి మరీ కొంటారు. దాని పుట్టుక కూడా ఒక రిపేరు కథే. 1961లో విడుదలైన మార్టీ రాబిన్స్ పాట "డోంట్ వర్రీ"ని అమెరికాలోని నాష్‌విల్ స్టూడియోలో రికార్డు చేస్తుండగా మిక్సింగ్ కన్సోల్‌లో ఒక ఛానెల్ పాడైంది. గ్రేడీ మార్టిన్ వాయించిన బేస్ సోలో గరగరమంటూ వచ్చింది. దాన్ని తీసేయకుండా పాటలో అలాగే ఉంచారు. ఇంజనీరు గ్లెన్ స్నాడీ అంతటితో ఊరుకోలేదు. ఆ లోపం ఎలా పుట్టిందో ఆరా తీసి, అదే శబ్దాన్ని కావాలన్నప్పుడు పుట్టించే ట్రాన్సిస్టర్ సర్క్యూట్‌ను తోటివారితో కలిసి తయారుచేసి గిబ్సన్ కంపెనీకి ఇచ్చాడు. 1962లో అది మేస్ట్రో ఫజ్-టోన్ పేరుతో బజారులోకి వచ్చింది. కొన్నాళ్లు అమ్మకాలు అంతంతమాత్రమే. 1965లో రోలింగ్ స్టోన్స్ పాట "శాటిస్‌ఫ్యాక్షన్"లో కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కాక ఉన్న సరుకంతా చెల్లిపోయింది.

పెడళ్ల తయారీలో మన సిలబస్ బయటి విషయం అంటూ పెద్దగా లేదు. 741 ఆప్-ఆంప్‌ను పట్టుకోకుండా ఏ ఈసీఈ విద్యార్థీ బయటపడడు. అమెరికాలో ఎంఎక్స్‌ఆర్ అనే కంపెనీ 1970లలో తెచ్చిన డిస్టార్షన్ ప్లస్ అనే పసుపుపచ్చ పెడల్ లోపల ఉన్నది ఆ 741, దాని అవుట్‌పుట్ నుంచి గ్రౌండుకు ఎదురెదురుగా కట్టిన రెండు జెర్మేనియం డయోడ్లు. మనం క్లిప్పర్స్ ప్రయోగంలో వేసే బొమ్మే అది. అవే రెండు డయోడ్లను గ్రౌండు నుంచి తీసి ఆప్-ఆంప్ ఫీడ్‌బ్యాక్ దారిలో పెడితే తెగుడు మెత్తబడుతుంది. 1970ల చివర్లో ఐబనెజ్ పేరుతో వచ్చిన ట్యూబ్ స్క్రీమర్ కిటుకు అదే. ఇక స్లూ రేటు. ల్యాబులో 741కు మైక్రోసెకనుకు 0.5 వోల్టు అని కొలిచి రాసుకుంటాం. 1978లో మిషిగన్ రాష్ట్రం కలమజూలో తయారైన ర్యాట్ పెడల్‌లో అంతకన్నా మందకొడి ఎల్ఎం308 ఉంటుంది. గెయిన్ బాగా పెంచినప్పుడు ఆ చిప్ పరుగు అందుకోలేక తరంగపు కొసలు వంగిపోతాయి. ఆ వంపు కోసమే గిటారిస్టులు ఇప్పటికీ పాత చిప్ వెతుక్కుంటారు. పరీక్షలో ఒక సంఖ్యగా రాసిన స్లూ రేటును చెవితో విన్నరోజున నేను పొందిన ఆనందం మీ ప్రతి విద్యార్థికీ దక్కాలని నా ఆశ.

ఇప్పుడు నా చేతుల మీదుగా జరిగిన ఒక పొరపాటు చెప్తాను. మీకు నేను రాస్తున్నదానికి మూలం అందులోనే ఉంది.

1966లో లండన్‌లో ఆర్బిటర్ అనే సంస్థ ఫజ్ ఫేస్ అనే పెడల్‌ను తెచ్చింది. గుండ్రంగా, చిన్న మొహంలా ఉంటుంది. జిమీ హెండ్రిక్స్ వాయించినది దాన్నే. లోపల మొత్తం పదకొండు పార్టులు. రెండు జెర్మేనియం ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, రెండు పాట్‌లు, అంతే. నేను ఈ వ్యాపారంలోకి దిగిన కొత్తలో దాన్నే చేశాను. కారణం మా మేనమామ. ఆయన తాడేపల్లిగూడెంలో రేడియో మెకానిక్. ఆయన పోయాక షాపు ఖాళీ చేస్తుంటే ఒక బిస్కెట్ల డబ్బా దొరికింది. పాత మర్ఫీ, బుష్ సెట్లలోంచి ఊడదీసి దాచిన ట్రాన్సిస్టర్లు, కాళ్లు వంకర పోకుండా కాగితాల్లో చుట్టి ఉన్నాయి. వాటిలో బెంగళూరు బీఈఎల్ ముద్ర ఉన్న ఏసీ128లు ముప్ఫై ఎనిమిది. మన దేశంలోనే జెర్మేనియం ట్రాన్సిస్టర్లు తయారైన రోజుల సరుకు అది. వాటిని చేతిలోకి తీసుకున్నప్పుడు నాకు కళ్లు చెమర్చాయి.

జెర్మేనియం ట్రాన్సిస్టర్‌ను మల్టీమీటర్‌లో ఉన్న సాకెట్టులో గుచ్చి గెయిన్ చూస్తే అది అబద్ధం చెప్తుంది. బేస్‌కు కరెంటు ఇవ్వకముందే లోపల కొంత కారుతూ ఉంటుంది, మీటరు ఆ కారుడును కూడా గెయిన్‌గా లెక్కేస్తుంది. అందుకని కలెక్టర్ దారిలో 2.4 కిలోఓమ్‌ల రెసిస్టర్ పెట్టి, ముందు బేస్‌ను ఖాళీగా వదిలి దాని మీద వోల్టేజీ చూస్తాం. అది కారుడు. తరవాత 2.2 మెగాఓమ్‌ల రెసిస్టర్ ద్వారా బేస్‌కు కరెంటు ఇచ్చి మళ్లీ చూస్తాం. రెండింటి తేడా నుంచే అసలు గెయిన్ తెలుస్తుంది. మీటరు 140 అన్న ట్రాన్సిస్టర్ ఇలా చూస్తే 80 దగ్గర తేలడం మామూలే. మొదటి ట్రాన్సిస్టర్‌కు ఒక 70, 80, రెండోదానికి 110 నుంచి 130 ఉంటే శబ్దం బాగుంటుంది. వారం రోజులు కూర్చుని ముప్ఫై ఎనిమిదింటినీ కొలిచి, రాసి, పన్నెండు జతలు కుదిర్చాను. పన్నెండు పెడళ్లు చేశాను. నల్ల రంగు వేయించాను. అన్నీ అమ్ముడయ్యాయి.

ఏప్రిల్ దాకా అంతా బాగుంది. మేలో ఒక మధ్యాహ్నం ఖమ్మం నుంచి ఫోన్. చర్చిలో గిటారు వాయించే కుర్రాడు. సాయంత్రం బహిరంగ సభకు స్టేజీ మీద సౌండ్ చెక్ చేసుకుంటున్నాడు. "అన్నా, పెడల్ సప్పుడు చేస్తలేదు. ఏదో పురుగు గోకినట్టు వస్తున్నది." బ్యాటరీ చూడమన్నాను, వైరు మార్చమన్నాను. ఏం చేసినా అంతే. మర్నాడు బస్సులో వెళ్దామనుకున్నాను. రాత్రి ఎనిమిదింటికి అతనే మళ్లీ ఫోన్ చేశాడు. "ఇప్పుడు మంచిగనే వస్తున్నదన్నా, నేనేం చెయ్యలే."

ఆ రాత్రి నాకు నిద్ర లేదు. తెల్లవారి అమ్మకుండా నా దగ్గరే ఉంచుకున్న నమూనా ఒకటి టేబుల్ మీద పెట్టి, హెయిర్ డ్రయ్యర్‌తో వేడి చేస్తూ రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర మీటరు ఆనించాను. అక్కడ నాలుగున్నర వోల్టులు ఉండాలి. వేడి ఎక్కేకొద్దీ ఆ అంకె నా కళ్ల ముందే జరిగిపోయింది, శబ్దం పీలగా అయిపోయి తెగింది. జెర్మేనియంలో కారుడు ప్రతి 10 డిగ్రీలకూ సుమారు రెట్టింపవుతుంది. నేను ఆ పెడళ్లను సెట్ చేసింది ఫ్యాను కింద, 28 డిగ్రీల దగ్గర. ఖమ్మం ఎండలో స్టేజీ మీద, నల్ల రంగు డబ్బా లోపల 58 ఉందనుకోండి. మూడుసార్లు రెట్టింపు, అంటే ఎనిమిది రెట్ల కారుడు. లండన్‌లో పుట్టిన సర్క్యూట్‌ను నేను ఖమ్మం ఎండకు లెక్క కట్టకుండా పంపాను.

బయాస్ స్టెబిలిటీ మీద నేను పరీక్షలో జవాబు రాశాను. స్టెబిలిటీ ఫ్యాక్టర్ 'ఎస్'ను సెల్ఫ్ బయాస్‌కు డిరైవ్ చేయమంటే ఇప్పటికీ తడుముకోకుండా చేస్తాను. ఆ 'ఎస్' అంటే ఏమిటో మాత్రం ఒక కుర్రాడు నమ్మి కొన్న వస్తువు అతన్ని స్టేజీ మీద వదిలేసినప్పుడు తెలిసింది. పన్నెండుమందికీ ఫోన్లు చేసి పెడళ్లు వెనక్కి తెప్పించాను. కొందరికి సిలికాన్ ట్రాన్సిస్టర్లు వేశాను. జెర్మేనియం గొంతే కావాలన్నవాళ్లకు బయాస్ సరిచేసుకునే నాబ్ ఒకటి డబ్బా పైకి తెచ్చాను. ఆ రెండు నెలల్లో సంపాదించింది ఏమీ లేదు. కానీ నా ఇంజనీరింగ్ చదువు పూర్తయింది అప్పుడేనని నా నమ్మకం.

ఒకటి చేయడానికి, పది చేయడానికి మధ్య ఉన్న దూరం గురించి కూడా చెప్పాలి. ఒక్కటైతే ఎలాగోలా పనిచేయించవచ్చు, చేతిలో ఉన్నంతసేపూ మనమే సర్దుతాం. పది అయితే ఆ సర్దుడు కుదరదు. నా పెడళ్లు డై-కాస్ట్ అల్యూమినియం డబ్బాల్లో ఉంటాయి. ప్రపంచంలో చాలామంది చిన్న తయారీదారులు వాడే కొలతే, 112 బై 60 బై 31 మిల్లీమీటర్లు. ఆ డబ్బా కేవలం కవచం కాదు, బయటి హమ్ లోపలికి రాకుండా ఆపే గ్రౌండు కూడా. ఒకసారి పాతిక డబ్బాలు పౌడర్ కోటింగ్‌కు ఇచ్చాను. అందంగా వచ్చాయి. బిగించి చూస్తే తొమ్మిదింటిలో బుయ్యిమని హమ్. సర్క్యూట్‌ను రెండు రోజులు వెతికాం. లోపం నల్గొండ అమ్మాయికి దొరికింది. పౌడర్ చిల్లుల లోపలికి కూడా పాకి, జాకు నట్టుకూ డబ్బాకూ మధ్య పొరలా కూర్చుంది. రంగు కరెంటును పోనివ్వదు. డబ్బా గ్రౌండుకు అంటుకోకుండా గాలిలో ఉండిపోయింది. గీకి బాగుచేశాం. తరవాతి బ్యాచ్‌కు కోటింగ్ షాపులో పనిచేసే పెద్దాయనే దారి చూపించాడు. ఓవెన్ వేడి తట్టుకునే టేపును చిల్లు చుట్టూ లోపలివైపు అంటించి పంపమన్నాడు. ఆయన ఏ కాలేజీలోనూ చదువుకోలేదు. మీ విద్యార్థులు అలాంటి మనిషి ఎదుట నిలబడి, డ్రాయింగు చూపించి, తమకు కావలసింది తెలుగులో వివరించి చెప్పగలగాలి. అది వైవా కన్నా కష్టం.

ఫుట్‌స్విచ్‌కు తొమ్మిది కాళ్లుంటాయి. ఒక్కో కాలి మీద ఐరన్ మూడు సెకన్లు దాటితే లోపలి ప్లాస్టిక్ మెత్తబడుతుంది. ఆరోజు బాగానే పనిచేస్తుంది, మూడు నెలలకు చస్తుంది. అడాప్టర్ల సంగతి చూడండి. పెడళ్లలో నడిమి పిన్ను నెగెటివ్, ఇంట్లో దొరికే చాలా అడాప్టర్లలో అది పాజిటివ్. తిరగేసి గుచ్చేవాళ్లు తప్పకుండా ఉంటారని ముందే అనుకుని ఒక డయోడ్ పెట్టాలి. ఇవేవీ సిమ్యులేషన్‌లో కనబడవు. కొన్న మనిషి తిరిగి వచ్చినప్పుడే కనబడతాయి.

డబ్బు సంగతి కూడా దాచకుండా చెప్తాను, ఎందుకంటే పిల్లలు అడిగేది అదే. ఒక మామూలు ఫజ్ పెడల్‌లో బోర్డు మీది పార్టులు నాకు రెండువందల రూపాయల లోపే పడతాయి. డబ్బా, ఫుట్‌స్విచ్, జాకులు, నాబులు, రంగు, ప్రింటింగు కలిపి వెయ్యి దాటతాయి. మనిషి చేతిపని రెండున్నర గంటలు. దుకాణం ద్వారా అమ్మితే ధరలో మూడోవంతు దుకాణానిదే. ఇవన్నీ కలుపుకుని ధర పెట్టాలని నాకు ఎవరూ చెప్పలేదు. మొదటి ఏడాది పార్టుల ఖర్చుకు కొంచెం కలిపి అమ్మి, అద్దె కట్టలేక పాత ఉద్యోగంలో దాచుకున్న పొదుపు కరిగించాను. ఇప్పుడు ముగ్గురి జీతాలు, అద్దె పోను మిగులుతోంది. పెద్ద మొత్తమేమీ కాదు. అయినా ఇది నిలబడే పని.

నిలబడినవాళ్లు చాలామంది ఉన్నారు. అమెరికాలో ఒహాయో రాష్ట్రం ఆక్రన్ ఒకప్పుడు టైర్లకు పేరుపడ్డ ఊరు. అక్కడ జేమీ స్టిల్‌మన్ అనే సంగీతకారుడు 2004లో ఇంటి నేలమాళిగలో ఎర్త్‌క్వేకర్ డివైసెస్ మొదలుపెట్టాడు. ఆ పెడళ్లు ఇప్పుడు దేశదేశాల్లో అమ్ముడవుతున్నాయి. బిల్ ఫినెగన్ అనే ఆయన 1994 నుంచి క్లాన్ సెంటార్ అనే ఒకే ఒక పెడల్‌ను దాదాపు ఎనిమిది వేలు, ఎక్కువభాగం తన చేతులతోనే చేశాడు. మన దేశంలో ముంబైలోని యానిమల్ ఫ్యాక్టరీ అనే చిన్న సంస్థ చేసిన పెడళ్లు విదేశాలకు వెళ్తున్నాయి. వీళ్లెవరికీ చిప్పుల ఫ్యాక్టరీ లేదు. సర్క్యూట్ అర్థం చేసుకునే బుర్ర, వినే చెవి, వచ్చిన రిపేరును విసుక్కోకుండా అందుకునే ఓపిక ఉన్నాయి.

ఎలక్ట్రానిక్స్ తయారీ అనగానే మన ప్రభుత్వాలు, పత్రికలు వందల ఎకరాలు, వేల ఉద్యోగాలు అని మాట్లాడతాయి. ఆ ఫ్యాక్టరీలూ రావాలి. కానీ వాటిలో మీ విద్యార్థి ఒక లైనులో ఒక మెట్టు చూస్తాడు. వస్తువు మొత్తం ఎలా పుడుతుందో, ఎందుకు చస్తుందో చూసే అవకాశం చిన్న తయారీలోనే ఉంది. అలా చూసినవాడు పెద్ద ఫ్యాక్టరీకి వెళ్లినా వేరేగా నిలబడతాడు.

కాపీ కొట్టడం గురించి మీరు అడుగుతారని తెలుసు. పెడళ్ల లోకంలో అందరూ పాత సర్క్యూట్ల నుంచే మొదలుపెడతారు. ట్యూబ్ స్క్రీమర్ పిల్లలు, మనవళ్లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టలేం. పాత బొమ్మను మళ్లీ కట్టి నేర్చుకోవడంలో తప్పు లేదు, పేరూ లోగో ఎత్తుకోవడం తప్పు. నేను నా డబ్బాల అడుగున ఇది ఏ పాత సర్క్యూట్ నుంచి వచ్చిందో, నేనేం మార్చానో రెండు ముక్కలు ముద్రిస్తాను. మీ విద్యార్థులు రిపోర్టులో అలా రాసినరోజున, కొన్న ప్రాజెక్టుకూ చేసిన ప్రాజెక్టుకూ తేడా మీకు మొదటి పేజీలోనే తెలుస్తుంది.

గిటారు మన వాద్యం కాదుకదా, ఊళ్లలో ఎవరు కొంటారు అని ఒక ఆచార్యులవారు నన్ను అడిగారు. కోస్తాలోనూ తెలంగాణలోనూ గిటారు ఎక్కువగా నేర్చుకునేది చర్చిల్లో. ప్రతి పట్టణంలోనూ పాటల బృందాలున్నాయి, పెళ్లిళ్లకు వాయించే ఆర్కెస్ట్రాలున్నాయి. వాళ్లలో చాలామంది చేతుల్లో ఉన్నవి చవకరకం పెడళ్లు, పాడైతే బాగుచేసే దిక్కులేక అటక మీద ఉన్నాయి. అదీగాక కరెంటు తీగల వాద్యం మనకు కొత్తేమీ కాదు. పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ గారు ఎలక్ట్రిక్ మాండలిన్ మీద కర్ణాటక సంగీతాన్ని ప్రపంచమంతా వినిపించారు.

ఒక్క ఉదాహరణ చెప్తాను. విజయవాడ నుంచి ఒక వీణ టీచరుగారు వచ్చారు. వీణకు కాంటాక్ట్ మైకు అంటించి మిక్సర్‌లో పెడితే రేకు డబ్బా కొట్టినట్టు వస్తోందని, ఎన్ని మైకులు మార్చినా అంతేనని బాధపడ్డారు. మైకులో తప్పు లేదు. ఆ మైకులో ఉండే పియెజో బిళ్ల 20 నానోఫారడ్ల కెపాసిటర్ లాంటిది. మిక్సర్ లైన్ ఇన్‌పుట్ 10 కిలోఓమ్‌లు. ఆ రెండూ కలిస్తే మన సిలబస్‌లోని హైపాస్ ఫిల్టర్ అయింది, కటాఫ్ సుమారు 800 హెర్ట్‌జ్. వీణ స్వరాల్లో అత్యధికభాగం అంతకన్నా కిందే పుడతాయి. అంటే వీణను వడపోసి పిప్పిని వినిపిస్తున్నారన్నమాట. మధ్యలో ఒక జేఫెట్‌తో బఫర్ కట్టి ఇన్‌పుట్‌ను 1 మెగాఓమ్ చేశాను. కటాఫ్ 8 హెర్ట్‌జ్‌కు దిగింది. ఆవిడ మంద్రస్థాయి షడ్జం మీటి, తీగ మోగినంతసేపూ కళ్లు మూసుకుని కూర్చున్నారు. తరవాత ఏమీ మాట్లాడకుండా ఇంకోసారి మీటారు.

ఆ బఫర్ బోర్డు మీద ఉన్న పార్టులు పదికి మించవు. ఏ కాలేజీలోనైనా, మూడో ఏడాది పిల్లలెవరైనా చేయగలరు. మీ ఊళ్లో సంగీత కళాశాల ఉంటే నడిచి వెళ్లేంత దూరంలో ఆ పదిమంది వాడకందార్లూ ఉన్నారు.

మీ ఇబ్బందులు నాకు తెలుసు. సిలబస్ చాలా కాలేజీల్లో యూనివర్సిటీ చేతిలో ఉంటుంది. అక్రెడిటేషన్ ఫైళ్లు, హాజరు, ప్లేస్‌మెంట్ లెక్కలు మీ నెత్తిన ఉంటాయి. ల్యాబ్ అసిస్టెంట్ పోస్టులు ఖాళీగా ఉంటాయి. కానీ ప్రాజెక్టు అంశం ఏదో, దాన్ని ఎలా పరీక్షించాలో చాలావరకు మీ చేతిలోనే ఉంది. సాయంత్రం నాలుగున్నరకు తాళం పడే ల్యాబును వారానికి రెండు రోజులు ఏడింటి దాకా తెరిపించగలిగేది మీరే. రివ్యూ రోజున ఎక్స్‌టర్నల్ పక్కన, ఆ వస్తువును వాడే మనిషిని ఒకరిని కూర్చోబెట్టగలిగేదీ మీరే. పార్టులకు కోఠి గుజరాతీ గల్లీ ఉంది. హైదరాబాదు చుట్టుపక్కల కాలేజీలకు 2023లో రాయదుర్గంలో తెరిచిన టీ-వర్క్స్ ఉంది, నమూనాలు చేసుకోవడానికి అక్కడున్న యంత్రాలు నా చిన్నప్పుడు కలలో కూడా లేవు. జిల్లాల్లో ఉన్న కాలేజీలకు ఊళ్లోని పాత రేడియో, టీవీ మెకానిక్‌లు ఉన్నారు. వాళ్లలో ఒకరిని పిలిచి సోల్డరింగ్ ఒక వారం చెప్పించండి, గౌరవంగా పారితోషికం ఇచ్చి. ఇంకొన్నేళ్లకు వాళ్లూ ఉండరు.

నా వంతుగా నేను చేయగలిగింది చెప్తాను. ఆ పదకొండు పార్టుల ఫజ్ సర్క్యూట్‌కు బోర్డు గీసి, డబ్బాతో సహా నలభై కిట్లు కట్టి ఉంచాను. ట్రాన్సిస్టర్లు సిలికాన్‌వే, మే నెలలో కూడా పనిచేస్తాయి. ఈ పత్రిక ద్వారా ముందుగా రాసిన నాలుగు కాలేజీలకు పదేసి చొప్పున ఉచితంగా పంపుతాను. రెండో శనివారాల్లో మా గది తెరిచే ఉంటుంది, పిల్లలను తీసుకొస్తే రోజంతా మాతో కూర్చోవచ్చు. ఆరుగురికి చోటు, నాలుగు ఐరన్లు ఉన్నాయి. కిట్లు అందుకున్న కాలేజీలను రెండు విషయాలు అడుగుతున్నాను. ల్యాబులో ఒక ఆంప్లిఫయరూ స్పీకరూ పెట్టించండి. ఆరు నెలలకు ఆ పదింటిలో ఎన్ని తిరిగొచ్చాయో, ఎందుకొచ్చాయో పిల్లల చేత నాకు రాయించండి.


బాలానగర్ నుంచి ఒక పెడళ్ల తయారీదారు